డెబ్బై మంది పిల్లల బిషప్పు: ఇంగ్లండ్‌లో అయిదు రోజులు

మొదటి రోజు: విండ్సర్

పోయినసారి ఇంగ్లండ్ వచ్చినప్పుడు వించెస్టర్ కెథీడ్రల్‌లో ఒక సమాధి ముందు పట్టుమని పది నిమిషాలు నిలబడలేకపోయాను. బయట కారు పార్కింగ్ టైమ్ అయిపోతోందని మా అల్లుడి కంగారు. ఆ కాసేపట్లో నా కంటబడింది ఒక్కటే. వెల్లకిలా పడుకున్న ఒక బిషప్పు రాతి బొమ్మ, ఆయన పాదాల దగ్గర చేతులు జోడించుకున్న ముగ్గురు చిన్న చిన్న మనుషులు. ఇంటికొచ్చాక వెతికి చదివితే తెలిసింది, ఆయన విలియం ఆఫ్ వికమ్ అని. 14వ శతాబ్దంలో రెండుసార్లు ఇంగ్లండ్ చాన్సలర్‌గా, అంటే రాజు దగ్గర పెద్ద మంత్రిగా చేశాడు. డెబ్బై మంది పేద పిల్లల్ని ఒక కప్పు కింద ఉంచి, అన్నం పెట్టి, చదువు చెప్పించే బడి కట్టాడు. ఆ బడి ఇప్పటికీ నడుస్తోంది.

ముప్పై ఒక్క ఏళ్లు గురుకుల పాఠశాలలో పంతులమ్మగా చేశాను. అందులో పద్నాలుగేళ్లు ఆడపిల్లల హాస్టల్ బాధ్యత కూడా నాదే. డెబ్బై మంది పిల్లలంటే ఏమిటో నాకు తెలుసు. పొద్దున్న ఎన్ని కిలోల బియ్యం పొయ్యి ఎక్కాలో, ఎన్ని బకెట్లు కావాలో, జ్వరాల కాలంలో రాత్రి ఎన్నిసార్లు లేవాలో తెలుసు. అందుకే ఈసారి రీడింగ్‌లో మా అమ్మాయి ఇంట్లో దిగగానే చెప్పేశాను, "నన్నెక్కడికీ తిప్పక్కర్లేదు, ఈ బిషప్పు ఉన్న చోట్లన్నీ చూస్తాను" అని. సెప్టెంబరు ఆఖరి వారం. ఆయన చనిపోయింది కూడా సెప్టెంబరు 27నే, 1404లో.

రీడింగ్ నుంచి స్లౌలో రైలు మారి విండ్సర్‌కి వెళ్లాను. ఆయన ఎదుగుదల మొదలైంది ఈ కోటలోనే. 1324లో ఒక పల్లెలో సామాన్య కుటుంబంలో పుట్టినవాడు, విశ్వవిద్యాలయం గడప తొక్కనివాడు, 1356లో మూడో ఎడ్వర్డు రాజు దగ్గర విండ్సర్ కోట పనుల మీద అజమాయిషీదారుగా చేరాడు. జీతం విండ్సర్‌లో ఉన్న రోజుకి ఒక షిల్లింగు, పని మీద వేరే ఊరు వెళ్తే రెండు. షిల్లింగు అంటే పన్నెండు పెన్నీలు. తాపీ మేస్త్రీకి ఆ రోజుల్లో నాలుగైదు పెన్నీలు వచ్చేవి.

కోట పైభాగం మొత్తాన్ని తిరగ్గట్టారు. ఎడ్వర్డు కాలంలో దీని మీద అయిన ఖర్చు 50 వేల పౌండ్లు దాటింది. మధ్యయుగాల ఇంగ్లండ్‌లో ఏ రాజూ ఒక్క కోట మీద అంత పెట్టలేదంటారు. అప్పటికి ఎనిమిదేళ్ల కిందటే ప్లేగు వచ్చి దేశంలో జనం సగానికి సగం పోయారు, పనివాళ్లు దొరకని కాలం. రాజాజ్ఞ పట్టుకుని జిల్లా జిల్లాకీ వెళ్లి వందల మంది రాతిపనివాళ్లనీ వడ్రంగుల్నీ బలవంతాన పట్టుకొచ్చారు. కూలి ఇచ్చేవాళ్లు గాని, పారిపోయినవాడికి జైలు. ఇది వెట్టి కాదని నేననలేను. నార్మన్ గేటు అనే ద్వారం కింద నిలబడి పైకి చూస్తే, కిందికి దింపే ఇనుప కోరల తలుపు ఇంకా పైన వేలాడుతూ కనిపించింది. ఈ ద్వారం కట్టింది 1359 ప్రాంతంలో. ఆ రాళ్లు చెక్కినవాళ్లలో ఇష్టపడి వచ్చినవాళ్లు ఎందరో అనుకుంటూ దాటాను.

కోటలో వించెస్టర్ టవర్ అని ఒకటి ఉంది. దాని మీద ఆయన లాటిన్‌లో మూడు మాటలు చెక్కించాడని ఒక కథ. ఆ మాటల్ని "దీన్ని వికమ్ చేశాడు" అని చదవొచ్చు, "వికమ్‌ని ఇది చేసింది" అనీ చదవొచ్చు. గొప్ప చెప్పుకున్నాడని ఎవరో రాజుకి ఫిర్యాదు చేస్తే, నేను రాసింది రెండో అర్థంలోనే అన్నాడట. నిజమో కాదో గాని రెండో అర్థమే చరిత్రకి సరిపోతుంది. 1363 నాటికి రాజు ఆంతరంగిక ముద్ర ఆయన చేతిలో ఉంది. అన్నీ ఆయన ద్వారానే జరిగేవి, ఆయన లేనిదే ఏదీ జరిగేది కాదు అని ఆ కాలపు చరిత్రకారుడు ఫ్రాయిస్సార్ట్ రాశాడు.

మరి డబ్బు? రాజు జీతం ఒక్కటే కాదు. రాజు తన మనుషులకి చర్చి పదవులు ఇప్పించేవాడు. ఆ ఊళ్లో అడుగు పెట్టకపోయినా ఆ చర్చి రాబడి ఆ మనిషికి వచ్చేది. ఒకే మనిషి ఎన్ని పదవులు అనుభవిస్తున్నాడో లెక్క చెప్పమని 1366లో పోప్ ఆజ్ఞాపిస్తే, వికమ్ చూపించిన మొత్తం ఏడాదికి 873 పౌండ్ల పైచిలుకు. ఆయన పూజారిగా దీక్ష తీసుకున్నది అంతకు నాలుగేళ్ల ముందు, 1362లోనే. ఈ లెక్క నాకు రుచించలేదు. ఎక్కడో నార్‌ఫక్‌లో ఒక పల్లెవాళ్లు పండించిన దాంట్లో పదో వంతు, వాళ్ల ముఖం కూడా చూడని మనిషికి చేరడం న్యాయమని ఎలా అనుకోను? ఈ ప్రశ్నని వెంటబెట్టుకునే మిగతా నాలుగు రోజులూ తిరిగాను.

రెండో రోజు: పుట్టిన ఊరు, పోయిన ఊరు

శనివారం కాబట్టి అల్లుడు కారు తీశాడు. "అత్తయ్యగారూ, ఈసారి పార్కింగ్‌కి రోజంతా డబ్బు కట్టేస్తాను, మీరు నిదానంగా చూడండి" అన్నాడు. మనవరాలు కూడా బయల్దేరింది.

హాంప్‌షైర్‌లో మియన్ అనే చిన్న ఏరు పక్కన ఉంది వికమ్. ఆయన పేరూ ఊరి పేరూ పలకడం ఒకలాగే, రాయడంలోనే తేడా. నాన్న పేరు జాన్ లాంగ్, అమ్మ సిబిల్. పైకొచ్చాక ఊరి పేరే ఆయనకి ఇంటిపేరయింది. మన ఇంటిపేర్లలో సగం ఊళ్ల పేర్లే కదా, మనవరాలికి ఆ మాట చెబితే, "మరి మనది ఏ ఊరు అమ్మమ్మా?" అని దారంతా తవ్వింది.

ఊరి నడుమ పెద్ద చౌకు, చుట్టూ పాత ఇళ్లు. చివర ఏటి ఒడ్డున ఒక మర ఉంది. అమెరికావాళ్ల నుంచి పట్టుకున్న చెసపీక్ అనే యుద్ధనౌక కలపతో 1820లో కట్టారట. మా అల్లుడికి అది తెగ నచ్చింది, దూలాలు తడుముతూ ఉండిపోయాడు. బిషప్పు కాలపువి కంటికి కనబడేవి తక్కువ. ఈ ఊరి కుర్రవాడిలో చురుకు చూసి నికొలస్ ఉవెడేల్ అనే భూస్వామి వించెస్టర్ పంపి చదివించాడని చెబుతారు. ఒక ఆసామి చెయ్యి పట్టుకోబట్టి ఒక్క పిల్లాడు ఊరు దాటాడు.

మా నాన్నగారు రాజమండ్రిలో వారాలు చేసుకుని చదువుకున్నారు. సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో భోజనం. ఏడు ఇళ్లు దొరికితే వారం గడిచినట్టు. గురువారం ఇల్లు మాత్రం ఎన్నాళ్లకీ దొరకలేదని, ఆ రోజు మంచినీళ్లు తాగి బడికి వెళ్లేవాడినని ఒకసారి చెప్పారు. ఒక్కసారే చెప్పారు. వికమ్ చౌకులో బెంచీ మీద కూర్చుంటే ఆ గురువారం గుర్తొచ్చింది.

అక్కడి నుంచి బిషప్స్ వాల్తమ్ ఏడెనిమిది కిలోమీటర్లు. ఎనభై ఏళ్ల జీవితం, రాజ్యమంతా చక్రం తిప్పి, చివరికి ప్రాణం పోయింది పుట్టిన ఊరికి అంత దగ్గర్లో. ఇక్కడి ప్రాసాదం వించెస్టర్ బిషప్పులది. 12వ శతాబ్దంలో హెన్రీ ఆఫ్ బ్లవా అనే బిషప్పు కట్టించాడు, వికమ్ దాన్ని చాలావరకు తిరగ్గట్టించాడు. 1644లో రాజుకీ పార్లమెంటుకీ జరిగిన అంతర్యుద్ధంలో ధ్వంసమైంది. ఇప్పుడు పచ్చికలో నిలబడ్డ మొండి గోడలే. భోజనాల హాలు గోడ ఒకటి ఎత్తుగా మిగిలింది. కిటికీల్లో అద్దాలు లేవు, ఆకాశం కనబడుతోంది.

ఆ గోడ నీడలో కూర్చుని ఆయన జీవితంలో చెడ్డ కాలం గురించి అల్లుడికి చెప్పాను.

1367లో ఆయన వించెస్టర్ బిషప్పూ అయ్యాడు, చాన్సలరూ అయ్యాడు. దేశంలోకెల్లా సంపన్నమైన బిషప్పు పీఠం, రాజు తర్వాత అంత అధికారమున్న పదవి, రెండూ ఒక్క ఏడాదిలో. కానీ ఫ్రాన్సుతో యుద్ధం చేజారుతోంది, పన్నులు పెరుగుతున్నాయి. పూజారుల్ని దించి గృహస్థులకి మంత్రి పదవులివ్వాలని 1371లో పార్లమెంటు పట్టుబడితే ఆయన చాన్సలర్ పదవి వదిలేశాడు. 1376లో పార్లమెంటు ఎదురు తిరిగి రాజు చుట్టూ ఉన్న అవినీతిపరుల్ని నిలదీసినప్పుడు వికమ్ ఆ పక్షాన నిలిచాడు. దానికి రాజు కొడుకు, లాంకాస్టర్ ప్రభువు జాన్ పగబట్టాడు. పార్లమెంటు ముగిసిన కొద్ది నెలలకే బిషప్పు మీద బోలెడు అభియోగాలు మోపారు. చివరికి నిలబడింది ఒక్కటి. ఒక ప్రభువు కట్టాల్సిన రుసుములో 40 పౌండ్లు తగ్గించి, దస్త్రంలో అంకె దిద్దించాడని. దానికే బిషప్పు పీఠం ఆస్తులన్నీ జప్తు. రాజు కొలువుకి ఇరవై మైళ్ల లోపు రాకూడదని ఆంక్ష.

అప్పటికే ఆయన తన ఖర్చుతో ఆక్స్‌ఫర్డ్‌లో పిల్లల్ని చదివిస్తున్నాడు. ఆస్తులు జప్తవడంతో వాళ్లని పోషించే దారిలేక ఇళ్లకి పంపేయాల్సి వచ్చిందని చెబుతారు.

ఆ మాట దగ్గర నా గొంతు పట్టేసింది. ఒక ఏడాది మాకు నెలల తరబడి డైట్ చార్జీలు రాలేదు. ఊళ్లో కిరాణా కొట్టాయన అప్పు ఆపేశాడు. పండక్కి ముందే సెలవులిచ్చి పిల్లల్ని పంపేయమని పైనుంచి మాట వచ్చింది. ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని గేటు దాటుతున్న పిల్లల్ని చూశాను. వాళ్లలో నలుగురు తిరిగి రాలేదు. ఇద్దరికి పెళ్లి చేసేశారు.

బిషప్పు ఆస్తులు 1377 జూన్‌లో, ముసలి రాజు పోవడానికి మూడు రోజుల ముందు తిరిగొచ్చాయి. రాజు ప్రియురాలు ఆలిస్ పెరర్స్‌కి లంచమిచ్చి సాధించుకున్నాడని ఆ కాలపు మఠంలో ఒక సన్యాసి రాసిపెట్టాడు. అయ్యుండొచ్చు. కానీ ఆ తర్వాత ఆయన చేసిన పని చూడండి. రెండున్నరేళ్లు తిరక్కుండా, 1379 నవంబరులో, ఆక్స్‌ఫర్డ్ కళాశాలకి శాసనపత్రం రాసి, సొంత భూములు ముడిపెట్టాడు. మరో మూడేళ్లకి వించెస్టర్ బడికీ అంతే. రేపు తన పదవి పోయినా, ప్రాణం పోయినా పిల్లల తిండి ఆగని ఏర్పాటు. దెబ్బ తిన్నవాడికే తట్టే ఆలోచన అది అనిపించింది నాకు.

మూడో రోజు: కెథీడ్రల్

రాత్రికి నన్ను వించెస్టర్‌లో దింపి వాళ్లు వెళ్లిపోయారు. తెల్లారి లేచి కాలి నడకన కెథీడ్రల్‌కి వెళ్లాను.

పొడవులో మధ్యయుగాల కెథీడ్రళ్లలో దీన్ని మించింది లేదంటారు, దాదాపు 170 మీటర్లు. లోపలికి అడుగు పెట్టగానే చూపు ఆగేది స్తంభాల దగ్గరే. నిలువునా గీతలు గీసినట్టు సన్నటి అంచులు నేల నుంచి కప్పు దాకా పోయి, అక్కడ కొమ్మల్లా విచ్చుకుంటాయి. ఇవి కొత్తగా పోసిన స్తంభాలు కావు. మూడొందల ఏళ్ల ముందు నార్మన్లు కట్టిన లావుపాటి స్తంభాల్నే, చాలాచోట్ల పడగొట్టకుండా, పైపొర చెక్కి సన్నగా చేశారు. 1394లో వికమ్ మొదలుపెట్టించిన పని ఇది. మేస్త్రీ పేరు విలియం విన్‌ఫర్డ్. పాత గోడని కూల్చకుండా కొత్త గోడ తీయడం ఎంత పనో ఇల్లు బాగుచేయించుకున్న ఎవరినడిగినా చెబుతారు. పని పూర్తయ్యేదాకా తను ఉండనని తెలిసి వీలునామాలో 2,500 మార్కులు (మార్కు అంటే అప్పటి డబ్బు లెక్క) దీనికి రాసిపెట్టాడు.

కుడివైపు రెండు స్తంభాల మధ్య ఆయన సమాధి మందిరం. రాతితో అల్లిన పందిరిలా ఉంటుంది. ఆ చోటు కూడా ఆయనే ఎంచుకున్నాడు. చదువుకునే రోజుల్లో ఇక్కడొక మేరీమాత పీఠం ఉండేదట, పెకిస్ అనే సన్యాసి ఉదయాన్నే అక్కడ పూజ చేసేవాడు, ఈ కుర్రవాడు రోజూ వచ్చేవాడు. అరవై ఏళ్ల తర్వాత, రాజ్యంలో ఎక్కడ కావాలంటే అక్కడ సమాధి కట్టించుకోగల మనిషి, తను చిన్నప్పుడు మోకరిల్లిన జాగా అడిగాడు.

ఈసారి గంటన్నర ఉన్నాను. బిషప్పు తల కింద దిండు, దాన్ని పట్టుకుని ఇద్దరు దేవదూతలు. గుండ్రటి ముఖం. ఎండలో నిలబడి పని చేయించిన మనిషి ముఖంలాగే ఉంది, తపస్సుతో చిక్కిపోయిన ముఖం కాదు. పాదాల దగ్గర ఆ ముగ్గురూ అలాగే ఉన్నారు. అరచేయంత ముఖాలు, జోడించిన చేతులు, ఆయన వైపే చూపు. వాళ్లెవరన్నదాని మీద రెండు మాటలున్నాయి. ఆయన కోసం ప్రార్థించే సన్యాసులని కొందరు. ఆయన దగ్గర పనిచేసిన మేస్త్రీ విన్‌ఫర్డ్, వడ్రంగి హ్యూ హెర్లండ్, లెక్కలు చూసిన సైమన్ మెంబరీ అని ఇంకొందరు. రెండోదే నిజమవ్వాలని నా మనసు కోరుకుంది. ఏ సంస్థయినా పునాదిరాయి మీద ఒక్క పేరే ఉంటుంది. గోడ ఎవరు కట్టారు, కప్పు ఎవరు వేశారు, చిట్టా ఎవరు రాశారు అన్నది ఎక్కడా ఉండదు. ఇక్కడైనా ఉందని నమ్మితే బాగుంటుంది.

1642లో పార్లమెంటు సైనికులు ఈ కెథీడ్రల్ మీద పడి కిటికీలన్నీ పగలగొట్టారు. పడమటి కిటికీలో ఇప్పుడున్నది ఆ పగిలిన గాజుముక్కలే, ఏ బొమ్మా లేకుండా రంగురంగులుగా అతికించారు. అయినా వికమ్ సమాధి చెక్కుచెదరలేదు. ఆ సైన్యంలో అధికారిగా ఉన్న ఒక పూర్వ విద్యార్థి కత్తి దూసి కాపలా కాశాడని చెప్పుకుంటారు. ఆ బడిలో చదివినవాళ్లని ఇప్పటికీ వికమిస్టులనే పిలుస్తారు, సమాధి బాగోగులు చూస్తున్నదీ ఆయన పెట్టిన రెండు విద్యాసంస్థలే.

సాయంత్రం ప్రార్థనలో పిల్లల బృందం పాడింది. కప్పు ఎత్తుకి వెళ్లి ఆ గొంతులు మళ్లీ కిందికి దిగుతున్నట్టుంది. నేను ఆ మతంలో పుట్టినదాన్ని కాను. అయినా చేతులు వాటంతటవే జోడించుకున్నాయి.

నాలుగో రోజు: బడి

వించెస్టర్ కాలేజీ అంటారు గాని అది ఉన్నత పాఠశాల. 1382లో శాసనపత్రం, 1387లో పునాది. 1394 మార్చి 28న పిల్లలు లోపలికి అడుగు పెట్టారు. గైడుతో పాటు వెళ్తేనే చూడనిస్తారు. మా గుంపుని నడిపించినావిడ పెద్దావిడ. నేను గురుకులంలో పని చేశానని తెలియగానే నా ప్రశ్నలకి విడిగా జవాబులిచ్చింది.

వీధి ద్వారం పైన మేరీమాత విగ్రహం, బడి పుట్టిననాటిదే. తర్వాత పెద్ద ఆవరణ, ఆ తర్వాత లోపలి ద్వారం, అది దాటితే చాంబర్ కోర్టు. నాలుగు వైపులా కట్టడాలు, మధ్యలో రాళ్లు పరిచిన ముంగిలి. మన పాత మండువా ఇళ్ల పోలికే. డెబ్బై మంది కింది అంతస్తులో ఆరు గదుల్లో పడుకునేవాళ్లు. గదికి ముగ్గురు పెద్ద పిల్లలు చిన్నవాళ్లని చూసుకోవాలని నిబంధన. పైన ఉపాధ్యాయులు, ఫెలోలు అనే బడి పెద్దలు. ఒక పక్క వంటిల్లు, దానికి ఆనుకుని మెట్లు, మెట్లెక్కితే భోజనశాల. ప్రార్థనామందిరం ఆ వరసలోనే. ఏ గది నుంచి ఏ గదికి వెళ్లినా ముంగిలి దాటాలి, ముంగిలి మొత్తం లోపలి ద్వారం మీది కిటికీలోంచి కనబడుతుంది. మా హాస్టల్ కట్టినప్పుడు వంటగది ఒక మూల, భోజనాల షెడ్డు ఇంకో మూల వేశారు. వానాకాలంలో సాంబారు గిన్నెలు మోస్తూ పిల్లలు జారిపడేవాళ్లు. ఇక్కడ ఆ గీత గీసినవాడికి పిల్లలు ఎప్పుడు ఎటు నడుస్తారో తెలుసు. పదేళ్లపాటు కోటలూ మనుషులూ కూలీల లెక్కలూ చూసిన అనుభవం ఇందులో ఉంది.

ఎవరిని చేర్చుకోవాలన్నది ఆయనే రాశాడు. పేదలూ అవసరంలో ఉన్నవాళ్లూ అయిన పిల్లలు, ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసు, చదవడం, పాటా, లాటిన్ వ్యాకరణంలో ఓనమాలూ వచ్చి ఉండాలి. ఇది కాకుండా పెద్దింటి పిల్లలు పది మంది దాకా చదువుకోవచ్చు, బడి ఖర్చు మీద మాత్రం కాదు. ప్లేగులో ఈ మండలంలో పూజారులు దాదాపు సగం మంది పోయారు. చర్చికీ రాజ్యానికీ చదువుకున్న మనుషులు కావాలన్నది ఆయన లెక్క. ఒక్క నిబంధన మాత్రం నాకు మింగుడు పడలేదు. తన బంధువుల పిల్లలకి మొదటి చోటు. ఆ ఒక్క వాక్యం పట్టుకుని నాలుగు వందల ఏళ్లకి పైగా ఆయన వంశమని చెప్పుకున్నవాళ్లు సీట్లు దక్కించుకున్నారు, 19వ శతాబ్దంలో గాని అది పోలేదు.

భోజనశాలలో ఒక చెక్క పలక చేతికిచ్చారు. చతురస్రం, జానెడున్నర వెడల్పు. కంచానికి బదులు వాడే పలక. మధ్యలో కత్తి గాట్లు, ఒక అంచు మీద వేళ్లు పట్టుకునే చోట నున్నగా అరిగింది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పాత పీటకి వచ్చే వాసనే. ఎంతమంది పిల్లల ఆకలి చూసిందో. చాలాసేపు తిరిగి ఇవ్వలేకపోయాను.

వంటింటి దగ్గర గోడ మీద ఒక బొమ్మ ఉంది, పేరు నమ్మకమైన నౌకరు. 16వ శతాబ్దంలో మొదట వేశారు, ఇప్పుడున్నది 1809లో తిరగవేసింది. మనిషి ఒళ్లు, పంది మూతి, దానికి తాళం, గాడిద చెవులు, లేడి కాళ్లు. ఏం పెట్టినా తింటాడు, గుట్టు బయటపెట్టడు, తిట్టినా ఓర్చుకుంటాడు, చెప్పిన పనికి పరిగెత్తుతాడు. ఎడమ చేతి నిండా పనిముట్లు. మెచ్చుకుందామనే వేశారు. నాకు మాత్రం మా హాస్టల్ వంటమనిషి గుర్తొచ్చింది. నాలుగింటికి లేచి, పిల్లలందరూ తిన్నాక మిగిలింది తిని, ఇరవై రెండేళ్లు చేసి రిటైరయింది. ఆమెకి నేను మాత్రం తాళం వేసిన మూతి పెట్టను. పప్పులో నీళ్లెక్కువయ్యాయని నిలదీసిన మొదటి మనిషి ఆమే.

ప్రార్థనామందిరం కప్పు కిందనుంచి చూస్తే రాతిపనే అనుకుంటాం. అది చెక్క. హ్యూ హెర్లండ్ పని. తర్వాత లండన్‌లో వెస్ట్‌మినిస్టర్ హాలు కప్పు వేసింది కూడా ఈయనే.

"ఆడపిల్లలు?" అని అడిగాను. పైతరగతుల్లో 2022 నుంచి అంది గైడు. ఆరొందల నలభై ఏళ్లు. ఆమె కూడా ఇంకేమీ అనలేదు, ఇద్దరం కాసేపు ఆ ముంగిట్లో నిలబడ్డాం. ఈ పద్ధతినే చూసి 1440లో ఆరో హెన్రీ రాజు ఈటన్ పెట్టాడు. పేదల కోసం పెట్టిన ఈ బళ్లు రెండూ ఇప్పుడు ఫీజు కట్టే ధనవంతుల బళ్లుగా పేరుపడ్డాయి. డెబ్బై మంది స్కాలర్లు మాత్రం పరీక్ష రాసి వస్తూనే ఉన్నారు, ఆ గదుల్లోనే ఉంటున్నారు.

మధ్యాహ్నం ఇచెన్ ఏటి వెంట పచ్చిక బీళ్ల మీదుగా సెయింట్ క్రాస్‌కి నడిచాను. హాస్పిటల్ అని పేరు, నిజానికి వృద్ధుల ఆశ్రమం. 1130లలో హెన్రీ ఆఫ్ బ్లవా పెట్టాడు. పదముగ్గురు నిరుపేదలకి ఉండే చోటు, రోజూ నూరుమంది బీదలకి భోజనం. వికమ్ బిషప్పయ్యేసరికి దీని పెద్దలు రాబడి మింగేసి, బీదల తిండి కోసేశారు. ఆయన కొన్నేళ్లు వ్యాజ్యం నడిపి, పోప్ దాకా వెళ్లిన తగాదాని గెలిచి, పాత ధర్మం నిలబెట్టాడు. తను చూడని చర్చిల రాబడి తిన్న మనిషే, బీదల రాబడి తిన్నవాళ్లని వదల్లేదు. ఈ రెండూ ఒక్కరిలోనే ఉన్నాయి. ఒకదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేయడం నాకు చేతకాదు.

ద్వారం దగ్గర అడిగితే బాటసారికి చిన్న కొమ్ము గ్లాసులో బీరు, రొట్టెముక్క ఇస్తారు. ఇప్పటికీ. బీరు నేను తాగను. రొట్టెముక్క రెండు చేతులా తీసుకున్నాను. ఉప్పు తక్కువ, మెత్తగా ఉంది. ఆ వేళ సోమవారమే. అయినా నాన్నగారి గురువారమే మనసులో మెదిలింది.

అయిదో రోజు: ఆక్స్‌ఫర్డ్

వించెస్టర్ నుంచి రైలు. ఈ ఊళ్లో ఆయన కళాశాలకి మేరీమాత పేరు పెట్టాడు. అంతకుముందే ఆ పేరుతో ఇంకోటి ఉండటంతో దీన్ని న్యూ కాలేజీ అన్నారు, ఆరొందల ఏళ్లు దాటినా కొత్తదే. వించెస్టర్‌లో చదివినవాళ్లు ఇక్కడికొచ్చి పైచదువు చదవాలి. ఇక్కడా డెబ్బై మందే. బడినీ కళాశాలనీ ఇలా ఒకదానికొకటి ముడివేయడం ఇంగ్లండ్‌లో అప్పటిదాకా ఎవరూ చేయలేదు. పెద్ద విద్యార్థులు చిన్నవాళ్లకి చదువు చెప్పాలని, అందుకు వాళ్లకి డబ్బివ్వాలని కూడా రాశాడు.

ఈ స్థలం ఊరి ఈశాన్య మూల పాడుబడిన జాగా. ప్లేగు తర్వాత ఇళ్లు పోయి, చెత్త పోసే చోటయింది. కొనేటప్పుడు ఒక షరతు, ఇందులోంచి వెళ్లే ఊరి కోటగోడని కళాశాలే కాపాడాలి. మూడేళ్లకోసారి మేయరు, కౌన్సిలర్లు వచ్చి గోడ వెంట నడిచి తనిఖీ చేస్తారు. అందువల్లే ఊళ్లో మిగతాచోట్ల పోయినా ఇక్కడ గోడ నిటారుగా ఉంది, దాని కింద పూల మొక్కలు. తనిఖీ అంటే విసుక్కునేదాన్ని నేను. గోడ మీద చెయ్యి వేశాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

అన్నిటికన్నా నన్ను ఆపింది లాంగ్ రూమ్. పొడవాటి రెండంతస్తుల కట్టడం. ఇప్పుడు సభలకి వాడతారు గాని కట్టినప్పుడు మరుగుదొడ్లు. పైన వరసగా దొడ్లు, కింద అంతా గుంట. 1380లలో! దీన్ని ఎవరూ ఫొటో తీయడం లేదు, నేను తీశాను. మా పిల్లలు నూట ఎనభై మందికి ఆరు దొడ్లతో మొదలుపెట్టాం. ఆ బాధకి చదువు మానేసిన పిల్లల్ని ఎరుగుదును. ఒక విద్యాసంస్థ తలపెట్టి, గ్రంథాలయంతో పాటు దీన్ని కూడా అంతే గట్టిగా రాతితో కట్టించిన మనిషి మీద నాకున్న గౌరవం ఇక్కడ రెట్టింపయింది.

ప్రార్థనామందిరం ముందు భాగంలో ఆయన కాలపు గాజు కిటికీలు ఇంకా ఉన్నాయి. సాయంత్రపు ఎండ నీలం, పసుపు మరకలుగా నేల మీద పడింది. లోపల గాజు పెట్టెలో ఆయన దండం, వెండి మీద బంగారు పూత, రంగురంగుల ఎనామెల్ చెక్కణం. పై వంపులో చిన్న చిన్న గూళ్లు, గూట్లో బొమ్మలు. అంత సంపద ఒక మనిషి చేతిలో ఉందని నమ్మించే వస్తువు. ఆయన కాలంలోనే, ఈ ఊళ్లోనే విక్లిఫ్ అనే పండితుడు చర్చి సంపదని దుమ్మెత్తిపోశాడు. కోటలు కట్టడం వచ్చినవాడికి చర్చి పదవులిస్తారు, దేవుడి సంగతి తెలిసినవాడికి ఇవ్వరు అని ఆయన పేరుతో వచ్చిన ఒక కరపత్రంలో ఉంది. అది వికమ్ మీద వేసిన బాణమే అంటారు. ఆ విమర్శలో నిజం ఉంది. ఈ గోడల్లో నార్‌ఫక్ పల్లెల పంట ఉంది, యుద్ధం పేరుతో ఫ్రెంచి మఠాల దగ్గర నుంచి పోయిన భూములున్నాయి. కానీ ఆ రాబడి అందిన మిగతావాళ్లు ఏం కట్టారని వెతికితే, అంత తొందరగా ఏదీ కనబడదు.

ఇక్కడికి ఆడపిల్లలు 1979లో వచ్చారు, పుట్టిన ఏటికి సరిగ్గా ఆరొందల ఏళ్లకి. కొత్త విద్యాసంవత్సరం ఇంకా మొదలవలేదు గాని ఒక అమ్మాయి ముందే వచ్చినట్టుంది. రెండు సూట్‌కేసులు లాక్కుంటూ, వెనక నాన్న, చేతిలో ప్రెషర్ కుక్కర్ ఉన్న అట్టపెట్టె. ఏ ఊరమ్మా అని అడగబోయి, వాళ్ల హడావిడి చూసి తప్పుకుని దారిచ్చాను.

బయటికొచ్చి వెనక్కి తిరిగి చూస్తే ద్వారం పైన మూడు గూళ్లు. నడుమ మేరీమాత, ఒక పక్క దేవదూత, రెండో పక్క వికమ్. బిషప్పు వేషంలోనే, మోకాళ్ల మీద. సన్నటి సందు అది, సైకిళ్లు గంట కొట్టుకుంటూ పోతున్నాయి. ఆ అమ్మాయి నాన్న కుక్కర్ పెట్టె గడప మీద దించి, భుజం మార్చుకుని, మళ్లీ ఎత్తుకుని లోపలికి వెళ్లాడు.